తమ్ముడికి పద్దెనిమిది నిండేదాకా

నేను సర్కారు ఉద్యోగం నుంచి విరమణ చేసిన రోజు దిల్‌సుఖ్‌నగర్ బంద్‌లో ఉంది. ఆఫీసుకు రాగలిగినవాళ్లు పదిమంది కూడా లేరు. దుకాణాలు మూసి ఉండడంతో పూలదండ దొరకలేదు. ముందే కొని ఉంచిన శాలువా కప్పి, యాభై ఎనిమిదేళ్లు నిండినా ఇంకా యువకుడిలా ఉన్నారని మా అధికారి నాలుగు మాటలు చెప్పాడు. నిజానికి నాకప్పుడు అరవై దాటాయి. ఆ సంగతి ఆ గదిలో ఎవరికీ తెలియదు. ఇంట్లో తెలిసిన ఇద్దరూ అప్పటికి లేరు.

బస్సులు లేవు కాబట్టి ఎల్.బి. నగర్‌లోని ఆఫీసు నుంచి ఇంటికి నడిచే వచ్చాను. అక్కడి చౌరస్తాలో కుర్రవాళ్లు రోడ్డుకు అడ్డంగా కూర్చుని జై తెలంగాణ అంటున్నారు. నలభై ఏళ్ల కిందట అదే చోట, అదే నినాదం విన్నాను. ఒక పిల్లవాడు రెండు చేతులూ చాపి ఖాళీ రోడ్డుకు ఎదురుగా నిలబడి ఉన్నాడు. రాని బండిని ఆపుతున్నట్టు. వాణ్ణి చూసి నా కాళ్లు కాసేపు ఆగిపోయాయి.

ఆ సాయంత్రం డైరీలో ఒక్క వాక్యం రాశాను: ‘ఇవాళ తమ్ముడు రిటైరయ్యాడు.’

నాకు ఒక తమ్ముడు ఉండేవాడు. ఐదేళ్లు నిండకముందే జ్వరంతో పోయాడు. వాడి ముఖం నాకు గుర్తు లేదు. ఒక్కటే గుర్తుంది. ఎక్కడికి వెళ్లినా నా వెనకే వచ్చేవాడు, నా అంగీ వెనక కొస పట్టుకుని. నేను వేగంగా నడిస్తే ఆ కొస లాగినట్టయ్యేది. అప్పుడు ఆగేవాణ్ణి.

మాది నల్లగొండ జిల్లాలో ఒక పల్లె. నేను పుట్టింది పోలీసు చర్య తరువాతి ఏడాది అని మాత్రమే మా వాళ్లకు తెలుసు. ఏ నెల, ఏ రోజు అంటే, “వానలకు ముందు” అనేవాళ్లు. తమ్ముడి సంగతి అలా కాదు. మా ఊళ్లో మొట్టమొదటిసారి వోట్లు పడిన రోజున అమ్మ నిండు గర్భంతో వరుసలో నిలబడి, వోటు వేసి, ఇంటికి వచ్చి వాణ్ణి కన్నది. ఆ తారీకు ఊరందరికీ తెలుసు. మా ఇంట్లో ఖాయంగా తెలిసిన పుట్టినరోజు అదొక్కటే.

వాడు పోయిన ఎండాకాలం దాటగానే నాయిన నన్ను బడికి తీసుకుపోయాడు. పంతులు గారు కలం సిరాలో ముంచి, “పిల్లగాడు ఎప్పుడు పుట్టిండు?” అన్నారు.

“వోట్ల దినం, పంతులూ,” అన్నాడు నాయిన.

పంతులు గారు నన్ను పైనుంచి కిందికి చూశారు. “గంత చిన్నోడా? మనిషి పొడుగున్నడే!”

నేను నాయిన పంచె లాగాను. వోట్ల దినం నాది కాదని నాకు తెలుసు. ఆయన కిందికి చూడలేదు.

“మంచిదే తియ్. రేపు సర్కారు నౌకరి దొరికితే ఆఖర్ల రెండు మూడేండ్లు ఎక్కువ చేసుకుంటడు,” అని పంతులు గారు నవ్వుతూ రాసుకున్నారు. అలా నేను రాతలో మూడేళ్లు చిన్నవాణ్ణయ్యాను. ఆ రోజుల్లో పల్లెల్లో పిల్లల వయసు తగ్గించి రాయించడం అందరూ చేసేదే. నాయిన కూడా అంతే చేశాడనో, నోరు జారి చెప్పాడనో చాలా కాలం అనుకున్నాను.

తరువాత పట్నం వచ్చాం. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక సందులో కిరాయి గది. నాయిన డ్రైవింగ్ నేర్చుకుని, కోస్తా నుంచి వచ్చి ఇక్కడ ఇళ్లు కట్టే ఒక కాంట్రాక్టరు దగ్గర జీపు నడిపేవాడు. కొత్త కాలనీలు అప్పుడప్పుడే లేస్తున్నాయి. జీపు రోజంతా ఆ పునాదుల మధ్య తిరిగేది. పొద్దున కాంట్రాక్టరు గారి పిల్లల్ని బడిలో దింపడం, తరువాత ఆయన్ని పనుల దగ్గరికి తిప్పడం, సాయంత్రం మేస్త్రీలను ఎక్కించుకు రావడం. నాయిన పని అది.

నేను పన్నెండో తరగతి పాసైన ఏడాది నాయిన కళ్లకు పొరలు వచ్చాయి.

మొదట కనిపెట్టింది నేనే. సెలవుల్లో సరదాకి ఆయన వెంట జీపులో వెళ్తున్నాను. కర్మన్‌ఘాట్ వైపు నుంచి ఎడ్లబండి ఎదురొస్తోంది. నాయిన దాని మీదికే పోతున్నాడు.

“నాయినా, బండి!”

“యాడ?”

నేనే స్టీరింగ్ పట్టి పక్కకు తిప్పాను. జీపు రోడ్డు దిగి కంచెలో ఆగింది. ఎడ్లబండివాడు దర్జాగా ఒక బూతు తిట్టి వెళ్లిపోయాడు. నాయిన కళ్లు నులుముకున్నాడు.

“ఎండ కండ్లల్ల పడితే ఏం కనవడ్త లేదు బిడ్డా. పాలు ఒలకబోసినట్లుంటది.”

“దవాఖానకు పోదాం.”

“పోతే రాస్తరు. రాస్తే లైసెన్సు గుంజుకుంటరు. మరి తిండి?” అన్నాడు. నన్ను చూడకుండానే, “నువ్వు ఎనక కూసొని జర చెప్తవా?” అన్నాడు.

అలా నేను కాలేజీలో చేరలేదు. సీటు రాలేదని అందరికీ చెప్పాను. ముందు సీటు కాంట్రాక్టరు గారిది కాబట్టి నేను నాయిన వెనక కూర్చునేవాణ్ణి. నోటితో చెబితే తెలిసిపోతుంది. అందుకని వేలితో చెప్పే పద్ధతి పెట్టుకున్నాం. కుడి రెక్క కింద వేలు పెడితే కుడికి జరగాలి, ఎడమ రెక్క కింద పెడితే ఎడమకి. వెన్నుపూస మీద పెడితే మెల్లగా పోవాలి. అరచేయి మొత్తం ఆనిస్తే ఆపాలి. జీపు సీటు వెనక ఉన్న సందులోంచి నా చెయ్యి ఆయన వీపు మీదే ఉండేది. ఖాకీ అంగీ చెమటకు తడిసి, నా వేలు పెట్టిన చోట్ల రంగు వెలిసింది.

నాకు బండి నడపడం బాగా వచ్చు. ఎవరూ లేనప్పుడు అల్మాస్‌గూడ దగ్గర బీళ్లలో నాయిన నేర్పాడు. ఆయన కంటే నేనే గేరు మెత్తగా వేస్తానని ఒప్పుకున్నాడు కూడా. కానీ లైసెన్సు ఆఫీసులో కిటికీ వెనక మనిషి సర్టిఫికెట్టు చూసి, “పద్దెనిమిది నిండినంక రా బాబూ,” అన్నాడు. ఉద్యోగాలకు పేర్లు రాసుకునే ఆఫీసుకు పోతే అక్కడి కిటికీ కూడా అదే మాట చెప్పింది. మీసాలు వచ్చిన నన్ను చూసి ఇద్దరూ ఒకేలా నవ్వారు.

నాకు అసలు వయసు పంతొమ్మిది. రాతలో పదహారు. నాకు రావలసిన దేనికైనా సరే, చచ్చిపోయిన నా తమ్ముడికి పద్దెనిమిది నిండాలి.

కాంట్రాక్టరు గారు మంచివారే. అప్పుడప్పుడు వెనక్కి తిరిగి నన్ను చూసేవారు. “పన్నెండు చదివినవాడు జీపు వెనకాల కూర్చుంటాడేంటయ్యా?” అని నాయినను అడిగేవారు.

“పని నేర్సుకుంటుండు సార్.”

“లైసెన్సు తెచ్చుకోమను. నేనే పనిలో పెట్టుకుంటా. నీకూ వయసవుతోంది కదా.”

“ఒస్తది సార్. ఇంకొంచెం టైముంది.”

ఆ ‘కొంచెం టైము’ అనేటప్పుడు నాయిన వీపు బిగుసుకోవడం నా వేలికి తెలిసేది.

వయసు సరిచేయించుకునే దారి ఒకటుందని కోర్టు దగ్గర గుమాస్తా ఒకడు చెప్పాడు. మా ఊరి పటేలుతో చెప్పించి, మేజిస్ట్రేటు ముందు ప్రమాణం చేస్తే పాత తారీకు కొట్టేసి అసలుది రాస్తారట. నాయిన సంచి సర్దుకున్నాడు. మర్నాడు ఊరికి పోవాలి. అమ్మ చాటలో బియ్యం ఏరుతోంది.

“ఏం రాపిస్తవ్?” అంది.

“పెద్దోని అసలు వయసు.”

“మరి గా దినం?”

“అది కొట్టేస్తరు.”

అమ్మ చేతివేళ్లు బియ్యంలోనే ఆగిపోయాయి. “కొట్టేస్తరా?”

నాయిన సంచి మూతి కట్టాడు.

“ఆనికి సమాధి రాయి లేదు. ఫోటువ లేదు. ఆడు పుట్టిండని చెప్పేటందుకు గా దినమొక్కటి మిగిలింది. అదిగూడ కొట్టేపిస్తవా?”

“నా కండ్లు పోతున్నయే.”

“నాకు తెల్వదా? నీ కండ్లు పోతున్నయని నాకు తెల్వదా?” అంది అమ్మ. ఏడవలేదు. నాకు దానికే ఎక్కువ భయమేసింది. “కండ్లు పోతే చెయ్యి పట్టుకొని నేను నడిపిస్త. గా దినం పోతే యాడికెళ్లి తేవాలె?”

నాయిన సంచి తీసి మళ్లీ మేకుకు తగిలించాడు. నాకు కోపం పొంగుకొచ్చింది.

“సచ్చినోని కోసం బతికున్నోడు ఆగాల్నా?” అన్నాను.

అమ్మ నావైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. “ఆగు పెద్దోడా. ఆడు నీ ఎనకనే ఒస్తుండు. చిన్న కాళ్లు గదా.”

మా ఇంట్లో నన్ను పెద్దోడా అనే పిలిచేవాళ్లు. చిన్నోడు లేని ఇంట్లో ఆ పిలుపు ఎలా ఉంటుందో అంతకుముందు నేనెప్పుడూ ఆలోచించలేదు. ఆ రోజు నుంచి ఆలోచించకుండా ఉండలేకపోయాను. దారిలో నడుస్తుంటే అంగీ వెనక కొస ఎవరో పట్టుకున్నట్టుండేది. తిరిగి చూసేవాణ్ణి కాదు. చూస్తే లేడని తెలుస్తుంది.

ఆ చలికాలంలో తెలంగాణ ఉద్యమం మొదలైంది. కాలేజీలు మూసేశారు. నాతో చదివినవాడు ఒకడు మా పక్క సందులోనే ఉండేవాడు, కాలేజీలో చేరినవాడు. చేరిన ఏడాదే చదువు ఆగిపోవడంతో వాడూ రోడ్డు మీద పడ్డాడు. కానీ వాడికి చేతినిండా పని. ఊరేగింపులు, గోడల మీద రాతలు, బస్సులు ఆపడాలు. నన్ను జీపులో చూసినప్పుడల్లా ఏదో ఒకటి అనేవాడు.

“ఏంది ఖలాసీ, ఆంధ్రోని జీపు ఎట్లుంది? మెత్తగున్నదా?”

“ఎనక సీటు. మెత్తగ యాడుంటది?”

“దిగి రా. కొలువులు మనోళ్లకే కావాలని కొట్లాడుతున్నం. నీకు గూడ ఒస్తది.”

“ఒచ్చినా నాకియ్యరు. నాకు వయసు లేదు.”

“వయసు లేదా! మీసం గొరుగుతున్నవ్ గదరా!” అని వాడు పడిపడి నవ్వాడు. వాడి వెంట ఉన్నవాళ్లూ నవ్వారు. నేనూ నవ్వాను. వాళ్లు దేనికోసమో ఎదురుచూస్తున్నారు, అందరూ కలిసి, గట్టిగా అరుస్తూ. నేను ఎదురుచూసేది ఎవరికీ చెప్పుకునేది కాదు. అందరి కాలమూ ఆగిపోయిన ఆ రోజుల్లో నా కాలం రెండుసార్లు ఆగినట్టనిపించేది.

కొత్త సంవత్సరానికి సిమెంటు కంపెనీవాళ్లు ఇచ్చిన డైరీని కాంట్రాక్టరు గారు నాకిచ్చారు. నా మొదటి డైరీ అదే. చాలా పుటల్లో ‘ఏమీ లేదు’ అని రాసి ఉంటుంది. రోజంతా నాయిన వీపు మీద వేలు పెట్టి పట్నమంతా తిరిగి వచ్చి, ఏమీ లేదు అని రాసేవాణ్ణి.

ఎండలు ముదిరాక గొడవలు పెరిగాయి. కాల్పులు జరిగాయనీ, పిల్లలు చచ్చిపోయారనీ వార్తలు. కాంట్రాక్టరు గారి గేటు మీద ఎవరో రాళ్లు వేశారు. ఆయన పిల్లల్ని ముందే రైల్లో వాళ్ల తాతగారి ఊరికి పంపేశారు. తరువాత ఒక సాయంత్రం నాయినను పిలిచి, “రేపు తెల్లారగానే మేమూ బయల్దేరతాం. జనం చేరకముందే ఊరు దాటించేయ్. సూర్యాపేట దాకా నువ్వు రా, అక్కణ్ణుంచి మావాళ్లు చూసుకుంటారు,” అన్నారు.

నేనూ నాయినా మొహాలు చూసుకున్నాం. తెల్లారగానే అంటే విజయవాడ రోడ్డులో సూర్యుడు సరిగ్గా ఎదురుగా ఉంటాడు.

మర్నాడు పొద్దున ముందు సీట్లో కాంట్రాక్టరు గారు, వెనక ఆయన భార్య, మూటలు, నేను. గడ్డిఅన్నారం మలుపు దాటేసరికే వెలుగు నాయిన ముఖం మీద పడింది. ఆయన కళ్లు చిట్లించి తల ఒక పక్కకు వంచాడు. అప్పటి నుంచి ఆ జీపును నడిపింది నా వేలే. కుడి. మెల్లగా. ఎడమ. నా చెయ్యి వణుకుతోంది. ఆ వణుకును కూడా ఆయన ఏదో గుర్తు అనుకుంటాడేమోనని భయం.

ఇప్పుడు ఎల్.బి. నగర్ చౌరస్తా అంటున్న చోట అప్పుడు ఒక టీ కొట్టు, ఒక పంక్చర్ల షెడ్డు, చుట్టూ పొలాలు. అక్కడ రోడ్డు మీద మనుషులు కనిపించారు. వెనక నుంచి ఎండ కొడుతోంది కాబట్టి నల్లని ఆకారాల్లా ఉన్నారు. ఒకడు ముందుకు వచ్చి రెండు చేతులూ చాపి నడిరోడ్డున నిలబడ్డాడు.

“ఆపొద్దు!” అని కాంట్రాక్టరు గారు అరిచారు. “ఆపావంటే తగలబెడతారు! పోనీ, పోనీ! వాళ్లే తప్పుకుంటారు!”

నేను అరచేయి మొత్తం నాయిన వీపుకు ఆనించాను.

“పోనీవయ్యా!”

నేను ఇంకా గట్టిగా నొక్కాను. ఆయన గుండె నా అరచేతిలో కొట్టుకుంది. నాయిన బ్రేకు మీద నిలబడ్డంత పని చేశాడు. మూటలు ముందుకు దొర్లాయి. జీపు పక్కకు ఈడ్చుకుపోయి ఆగింది. చేతులు చాపినవాడి మోకాళ్లకు బంపరు ఆనుకుని ఉంది. దుమ్ము తగ్గాక చూస్తే వాడు నాతో చదివినవాడే.

కాంట్రాక్టరు గారి గొంతు పైకి లేచింది. “ఎందుకాపావు?”

“మనిషున్నడు సార్.”

“నీకు కనపడ్డాడా?”

నాయిన స్టీరింగ్ వదిలేశాడు. చేతులు తొడల మీద పెట్టుకున్నాడు. “లేదు సార్. నాకేం కనవడ్త లేదు. నా కొడుక్కు కనవడ్డడు.”

కాంట్రాక్టరు గారు వెనక్కి తిరిగారు. సీటు సందులో ఉన్న నా చెయ్యిని చూశారు. నేను తీయడం మరిచిపోయాను.

“ఎన్నాళ్ల నుంచి?” అన్నారు. “నా పిల్లల్ని ఈ జీపులోనే బడికి పంపానయ్యా. రోజూ.” ఆ మాట తిట్టినట్టు లేదు. ఏదో అడుక్కుంటున్నట్టుంది. ఆయన భార్య చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

రోడ్డు మీదివాళ్లు దగ్గరికొచ్చారు. “ఆడామె ఉన్నది, ఇడువుండ్రి,” అన్నాడొకడు. ఇంకొకడు వద్దన్నాడు. నాతో చదివినవాడు రోడ్డు అంచున కూలబడిపోయాడు. “పోనియ్యుండ్రి రా, పోనియ్యుండ్రి,” అని వాడే అన్నాడు. తరువాత నన్ను చూసి, “బ్రేకు ఎవరేసిండ్రు?” అన్నాడు.

“మా నాయిన.”

వాడు నాయినకు చేతులు జోడించాడు. నాయినకు అది కనబడలేదు.

కాంట్రాక్టరు గారు తనే స్టీరింగ్ ముందు కూర్చున్నారు. నాయిన వైపు ఒక్కసారి చూసి జీపు కదిలించారు. నేనూ నాయినా రోడ్డు మీద మిగిలాం. ఉద్యోగం పోయిందో లేదో చెప్పేవాళ్లు కూడా లేరు.

ఆయన చెయ్యి పట్టుకుని వెనక్కి నడిపించాను. కొంత దూరం పోయాక, “ఇప్పుడు జర కనవడ్తంది. ఎండ ఎనకున్నది గదా,” అన్నాడు. మా నీడలు మా ముందు పొడుగ్గా పడుతున్నాయి. ఆయన వాటిని చూస్తూ నడిచాడు.

“నాయినా, బళ్లె గా దినం ఎందుకు చెప్పినవ్? మరిచిపోయినవా?” అని అడిగాను. అన్నేళ్లలో అడగడం అదే మొదటిసారి.

“మరిచిపోలే. పంతులు కలం పట్టుకున్నడు. ఎవలన్న మన పోరడు ఎప్పుడు పుట్టిండని అడుగుడు గదే మొదలు. నాకు తెలిసిన దినం ఒక్కటే. అది చెప్పకుంటే ఇగ ఎవలడుగుతరు ఆని గురించి? ఏడనన్న ఒక్కకాడ రాసి ఉండాలనిపించింది. నీకింత బరువైతదనుకోలే.”

“అమ్మకు తెలుసా?”

“మీ అమ్మకు నేను చెప్పలే. నోరు జారిననుకుంటది. అట్లనే అనుకోనీ.”

అలా ఇల్లు చేరాం.

ఆ తరువాత నెలల తరబడి నాయిన గడప దగ్గర కూర్చునేవాడు. అమ్మ నాలుగిళ్లలో వంట పనికి పోయింది. నేను మేస్త్రీల దగ్గర ఇటుకలు మోశాను, ఆ పని కూడా దొరికిన రోజుల్లో. ఇప్పుడు గుంజుకోవడానికి ఉద్యోగం కూడా లేదు కదా, దవాఖానకు పోదాం రమ్మంటే నాయిన వినలేదు.

“కోసినంక ఉన్న వెలుగు గూడ పోతే? ఎంతమందికి పోలేదు? నువ్వు స్టీరింగ్ పట్టింది చూసినంక పోత. అప్పుడు కండ్లు పోయినా పర్వాలేదు.”

“అప్పటిదాక ఉంటయా?”

“ఆడు తొందరగ నడిస్తె ఉంటయి,” అన్నాడు నాయిన.

అమ్మ మాట ఆయన నోట వినడం అదే మొదటిసారి. ముగ్గురం కూర్చుని కనబడని ఒకడి నడకను చూస్తున్నట్టుండేది. పొరలు దళసరెక్కుతూ వచ్చాయి. మొదట గోడ మీది దేవుడి పటం పోయింది, తరువాత కంచంలో అన్నానికీ పెరుగుకూ తేడా పోయింది. ఆఖరికి, వాకిట్లో నిలబడింది నేనో అమ్మో చెప్పలేకపోయాడు.

మళ్లీ చలికాలం వచ్చింది. ఊరు సద్దుమణిగింది. కాలేజీలు తెరిచారు. ఒకనాడు అమ్మ తెల్లవారకముందే తలస్నానం చేసి కర్మన్‌ఘాట్ హనుమంతుడి గుడికి నడిచి వెళ్లి కొబ్బరికాయ కొట్టి వచ్చింది. నా నోట్లో బెల్లం ముక్క పెట్టింది.

“పద్దెనిమిది నిండినయ్ పెద్దోడా. ఇగ పో.”

ఆ బెల్లం తీపి నాకు గుర్తు లేదు. అది నా నోట్లో పెట్టేటప్పుడు ఆమె నా భుజం మీదుగా, నా వెనకకు చూసిందని గుర్తుంది.

లైసెన్సు వచ్చిన రోజు దాన్ని అమ్మ చేతికిచ్చాను. ఆమెకు చదవడం రాదు.

“ఇందల ఆని దినం రాసిండ్రా?”

“రాసిండ్రమ్మా.” వేలు పెట్టి చూపించాను.

“ఫోటువ నీదేనా?”

“నాదే.”

ఆమె ఆ రెండింటినీ బొటనవేలితో మార్చి మార్చి తడిమింది. “మంచిగున్నరు ఇద్దరు,” అంది.

కాంట్రాక్టరు గారు అంతకు కొద్ది రోజుల ముందే తిరిగొచ్చారు. నేను పోయి గేటు దగ్గర నిలబడ్డాను. ఆయన లైసెన్సు అటూ ఇటూ తిప్పి చూశారు. తరువాత వరండా ఆ చివరికి పోయి చెయ్యెత్తి, “ఇవెన్ని?” అన్నారు.

“మూడు సార్.”

“ఇప్పుడు?”

“వేళ్లు లేవు సార్. పిడికిలి.”

ఆయన నవ్వలేదు కానీ తాళాలు విసిరారు. “ముందు ఖాళీ బండి తిప్పుకురా. మీ నాన్నను కూడా ఎక్కించుకో,” అన్నారు.

నాయిన గడప మీంచి లేచి, ఉతికిన ఖాకీ అంగీ వేసుకున్నాడు. ముందు సీటు తలుపు తెరిచాను. ఆయన తడుముకుంటూ వెనక్కి పోయి నా పాత చోట్లో, నా వెనక కూర్చున్నాడు.

“ముందర కూసో నాయినా. మంచిగ కనవడ్తది.”

“నాకు యాడ కూసున్నా ఒక్కటే. ఈడ కూసుంట.”

పగటి వేళ. రోడ్డు ఖాళీగా ఉంది. నేను గేరు మార్చాను. జీపు నా చేతిలో మాట విన్నది. ఎన్ని నెలలుగానో నేను కోరుకున్నది అదే. కానీ సంతోషం వస్తుందనుకున్న చోట ఏదో బరువు కూర్చుని ఉంది. కొంత దూరం పోయాక నా వీపు మీద నాయిన వేలు ఆనింది. ఆయన ఏమీ చెప్పడం లేదు. ఊరికే ఆనించి, నా భుజాల కదలికను బట్టి రోడ్డును తెలుసుకుంటున్నాడు. “ఇది గడ్డిఅన్నారం మలుపు,” అన్నాడు. నిజమే. “గేరు మెత్తగ ఏస్తున్నవ్,” అన్నాడు ఇంకాసేపటికి.

ఆ చౌరస్తా దగ్గరికి వచ్చాం. టీ కొట్టు మూసి ఉంది. రోడ్డు మీద ఎవరూ లేరు. హఠాత్తుగా నాయిన అరచేయి మొత్తం నా వీపుకు ఆనించి గట్టిగా నొక్కాడు.

నేను బ్రేకు వేశాను. ఇంజను ఆగిపోయింది. పొలాల మీద గాలి చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. ముందు రోడ్డు ఖాళీగా, తెల్లగా మెరుస్తోంది.

“ఎందుకు నాయినా?” అన్నాను. “ఎవలు లేరు గదా.”

“లేరా?”

“లేరు.”

ఆయన చెయ్యి తీయలేదు. తల కొంచెం పక్కకు వంచి, ఆ పొరల కళ్లతో రోడ్డు ఎడమ అంచు నుంచి కుడి అంచు దాకా మెల్లగా చూశాడు. చిన్న కాళ్లు ఎంత సేపట్లో నడవగలవో అంతసేపు చూశాడు. నేనూ ఆ చూపు వెంటే చూశాను. నాకేమీ కనబడలేదు. నా అంగీ వెనక కొస మాత్రం, ఆయన అరచేతి కింద, ఎవరో అప్పుడే వదిలినట్టు తేలికయ్యింది.

నాయిన చెయ్యి తీశాడు.

“ఇగ పోనీ బిడ్డా,” అన్నాడు. “దాటిండు.”